ముందు ట్రాలీ, వెనక మీరు: ట్రైలర్ బండ్ల దగ్గర జాగ్రత్తగా నడపడం ఎలా?

మామిడి కాలం మొదలైతే చాలు, చిత్తూరు, తిరుపతి వైపు బండి నడిపేవాళ్ల నుంచి ఒకే ప్రశ్న మూడు రకాలుగా వస్తుంది. బంగారుపాళ్యం దారిలో కాయల ట్రాక్టర్లను ఎలా దాటాలి? నాయుడుపేట రోడ్డులో కంటైనర్ పక్కకు వెళ్లగానే బైకు ఎందుకు ఊగుతుంది? చెరకు ట్రాలీ మీద మీదకు వచ్చేదాకా రాత్రిపూట ఎందుకు కనిపించదు? అన్నిటికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కారుకూ బైకుకూ తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

ఒక మాట ముందే చెప్పాలి. అందరూ భయపడేది కంటైనర్‌కు. నన్నడిగితే అంతకంటే ప్రమాదం ట్రాక్టరు ట్రాలీ. కంటైనర్‌ను చూస్తే మనంతట మనమే జాగ్రత్త పడతాం. ట్రాక్టరును చూస్తే విసుక్కుంటాం, ఆ విసుగులోనే తప్పు చేస్తాం.

1. ముందున్నది ఏ రకమో గుర్తుపట్టండి

ట్రైలర్‌కు సొంత ఇంజన్ ఉండదు. ముందు బండి లాగితే కదులుతుంది, ముందు బండి ఆగబోతే వెనక నుంచి తోస్తుంది. డ్రైవరు అదుపులో నేరుగా ఉండేది ముందు సగమే. అందుకే దాన్ని ఒక పొడవాటి బండిగా కాకుండా, ఒకదానికొకటి తగిలించిన రెండు బండ్లుగా చూడండి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఇందులోంచి పుట్టినవే.

మన దారుల్లో ఎక్కువగా ఎదురయ్యేవి మూడు.

ట్రాక్టరు ట్రాలీ: మామిడి, చెరకు, ఇటుక, గడ్డి, జాతర రోజుల్లో జనం. వేగం గంటకు 20 నుంచి 30 కిలోమీటర్లు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు, మొత్తం బరువును ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. వెనక లైటు ఉంటే అదృష్టం.

కంటైనర్ ట్రైలర్: శ్రీసిటీ, రేణిగుంట, ఏర్పేడు పరిసరాల నుంచి చెన్నై ఓడరేవు వైపు వెళ్తుంటాయి. 40 అడుగుల పెట్టె ఒక్కటే 12 మీటర్లు. ముందు కేబిన్‌తో కలిపితే 15 మీటర్లు దాటుతుంది.

గ్రానైట్ ట్రైలర్: కుప్పం, చిత్తూరు వైపు కనిపిస్తాయి. పైన ఒకటో రెండో దిమ్మెలే ఉండేసరికి బండి ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక ఘనమీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు తూగుతుంది. ఆ బండి హఠాత్తుగా ఆగలేదు. ఆగిందంటే దిమ్మె ఆగకపోవచ్చు.

2. బయలుదేరే ముందు

మూడు కాలాలు గుర్తుపెట్టుకోండి. మే చివరి నుంచి జూలై దాకా మామిడి: గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు రోడ్డు అంచు దాకా బారులు తీరి ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరులో పెరటాసి (తమిళ నెల) నడక భక్తులు: తిరుపతి వైపు వచ్చే దారుల్లో పసుపు బట్టలతో గుంపులుగా నడుస్తుంటారు, వాళ్లను తప్పించడానికి లారీలు కుడికి జరుగుతుంటాయి. డిసెంబరు, జనవరిలో పలమనేరు, కుప్పం ప్రాంతాల పొగమంచు.

చేతిలో ఉంటే పొద్దు గూకే వేళను తప్పించండి. పొలాల నుంచి ట్రాక్టర్లు తిరిగి వచ్చేది అప్పుడే. వెలుగు పూర్తిగా పోలేదు కదా అని వాళ్లు లైట్లు వేయరు, కనిపిస్తోంది కదా అని మనం వేగం తగ్గించం.

చూసుకోవలసినవి:

- ముందు అద్దం లోపలా బయటా తుడిచారా? మురికి అద్దం మీద ఎదుటి లైటు పడితే రోడ్డంతా తెల్లబడిపోతుంది.
- రెండు హెడ్‌లైట్లూ వెలుగుతున్నాయా? వెనక బ్రేకు లైట్లు?
- పక్క అద్దాలు సరిగ్గా తిప్పుకున్నారా?
- బైకు అయితే హెల్మెట్ గాజు మీద గీతలు లేవు కదా? రాత్రికి అవి పనికిరావు.
- కారు డిక్కీలో ఎర్ర త్రికోణం ఉందా? చట్టం ప్రకారం ఉండాల్సిందే. కొన్నప్పటి నుంచీ దాని కవరు విప్పని వాళ్లు చాలామంది. ఒకసారి విప్పి నిలబెట్టి చూడండి.

3. వెనక ఎంత దూరంలో ఉండాలి

మీటర్లు కొలవడం కుదరదు, సెకన్లు లెక్కపెట్టండి. ముందు బండి వెనక భాగం ఒక కిలోమీటరు రాయినో కరెంటు స్తంభాన్నో దాటగానే లెక్క మొదలుపెట్టండి. అదే రాయి దగ్గరికి మీరు వచ్చేసరికి కనీసం నాలుగు సెకన్లు గడవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 65 మీటర్ల ఎడం. వాన పడుతుంటే ఆరు సెకన్లు.

అంత ఖాళీ వదిలితే మధ్యలో ఇంకెవరో దూరతారని అంటారు. దూరతారు. మళ్లీ వెనక్కి తగ్గండి. అలా పదిమంది దూరినా ఇల్లు చేరేది కొన్ని నిమిషాలే ఆలస్యం.

వెనక మీరు ఎక్కడ నిలబడ్డారన్నది కూడా ముఖ్యం. ముందు బండి పక్క అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, అతనికి మీరు లేనట్టే. పొడవాటి ట్రైలర్‌కు సరిగ్గా వెనక, ఎడమ పక్క పొడవునా, కేబిన్ మూతికి దగ్గరగా ముందు, ఈ మూడూ చీకటి చోట్లు. వాటిలో తప్పనిసరై ఉండాల్సి వస్తే వెంటనే బయటపడండి.

చెరకు, ఇనుప చువ్వలు మోసే బండ్ల వెనక ఇంకా ఎడంగా ఉండండి. సరుకు ట్రాలీ చివర దాటి బయటికి పొడుచుకొని వస్తుంది. మీ కన్ను ట్రాలీ తలుపు మీద ఉంటుంది, చువ్వ కొస మాత్రం అప్పటికే మీ అద్దం ముందు ఉంటుంది.

4. దాటడం: వరుస తప్పకూడదు

ముందు లెక్క చూడండి. మీరు 80లో, కంటైనర్ 60లో ఉన్నాయనుకుందాం. తేడా గంటకు 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. వెనక 25 మీటర్ల ఖాళీ, దాని పొడవు 16, మీ కారు 4, దాటాక ముందు ఇంకో 25, మొత్తం 70 మీటర్లు. దీనికి దాదాపు 13 సెకన్లు పడుతుంది. ఆలోగా మీరు రోడ్డు మీద 280 మీటర్లు పైనే పోతారు. ఎదుటి బస్సు కూడా 80లో వస్తుంటే అదీ అంతే వస్తుంది. అంటే డివైడర్ లేని రోడ్డు మీద, మీరు కుడికి తీసే క్షణాన ఎదురుగా సుమారు 600 మీటర్లు ఖాళీ కనిపించాలి. నేనైతే ముప్పావు కిలోమీటరు కనిపిస్తే తప్ప తీయను.

ఇక వరుస:

1. నాలుగు సెకన్ల ఎడంలోనే ఉండి ముందు రోడ్డు చూడండి. ట్రైలర్ తోకకు అంటుకుంటే మీకు కనిపించేది దాని తలుపే.
2. మధ్యలో తెగని గీత ఉంటే, మలుపు గానీ వంతెన గానీ ఎత్తు గానీ ఉంటే ఆలోచన మానేయండి.
3. కుడి పక్కన ఏముందో చూడండి: పొలం బాట, పెట్రోలు బంకు, కాటా, ఇటుక బట్టీ, గుజ్జు ఫ్యాక్టరీ గేటు. ఏదైనా ఉంటే ముందు బండి అటే తిరగవచ్చు.
4. వెనక అద్దం చూడండి. మీ వెనక బస్సు అప్పటికే మిమ్మల్ని దాటడానికి బయటికి వచ్చి ఉండవచ్చు.
5. ఇండికేటర్ వేసి, పగలైతే హారన్, రాత్రైతే లైటు డిప్ చేసి చెప్పండి. ఒక క్షణం ఆగండి.
6. ఎడం ఉండగానే కుడికి తీసి, వేగం అందుకొని, పక్కన నాన్చకుండా వెళ్లిపోండి.
7. లోపలి అద్దంలో ఆ బండి ముందు భాగం మొత్తం, రెండు హెడ్‌లైట్లతో సహా కనిపించాకే ఎడమకు రండి. రాగానే బ్రేకు వేయవద్దు.

మూడో అడుగు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ట్రాక్టరు విషయంలో ప్రాణాలు పోయేది అక్కడే. 25లో పోయే ట్రాక్టరును దాటడానికి పట్టే సమయం తక్కువ. ఆ తేలికే మోసం. రైతు తన పొలం దగ్గర కుడికి తిరుగుతాడు. ఇండికేటర్ ఉండదు, ఉన్నా గడ్డి కింద కప్పబడి ఉంటుంది. ఇంజన్ మోతలో మీ హారన్ అతనికి వినపడదు. మీరు చూడగలిగిన గుర్తులు కొన్ని ఉన్నాయి: కారణం లేకుండా వేగం తగ్గడం, డ్రైవరు తల కుడికి తిప్పి వెనక్కి చూడటం, ముందు చక్రాలు కొంచెం తిరగడం, ట్రాలీ మీద కూర్చున్న మనిషి చెయ్యి ఊపడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెనకే ఉండిపోండి.

కుడి ఇండికేటర్ సంగతి మరీ చిక్కు. మన రోడ్ల మీద కొందరు లారీ డ్రైవర్లు ‘దాటుకో’ అని కుడి ఇండికేటర్ వేస్తారు. మరికొందరు ‘ఎదురుగా బండి వస్తోంది, దాటవద్దు’ అని అదే వేస్తారు. ఇంకొకరు నిజంగానే కుడికి తిరుగుతారు. దీపం ఒకటే, అర్థాలు మూడు. నా నియమం సులువైనది: కుడి ఇండికేటర్ అంటే కుడికి తిరుగుతున్నాడనే. చెయ్యి ఊపి రమ్మన్నా సరే, మీ కంటికి రోడ్డు కనిపించనంత వరకు అది ఆహ్వానం కాదు.

5. మలుపులు, కూడళ్లు

పొడవాటి ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి అంచుకు కోసుకుంటూ వస్తాయి. అందుకే ఎడమకు తిరగాల్సిన డ్రైవరు మొదట కుడికి జరుగుతాడు. ఎడమ పక్కన ఖాళీ ఏర్పడుతుంది. దారి ఇచ్చాడనుకొని బైకు అందులో దూరుతుంది. ఆ తర్వాత ట్రైలర్ మధ్య భాగం గోడలా దగ్గరకు జరుగుతూ వస్తుంది. కేబిన్ తిరిగి ఉండటంతో ఎడమ అద్దంలో డ్రైవరుకు కనిపించేది తన పెట్టె పక్క మాత్రమే, మీరు కాదు.

రేణిగుంట వంటి రద్దీ కూడళ్లలో సిగ్నల్ దగ్గర ట్రైలర్ ఎడమ పక్క ఎంత ఖాళీ ఉన్నా వెళ్లకండి. అతను కదిలి, తిరిగి, తోక కూడా మలుపు దాటాక మీ వంతు.

జంట రోడ్డు మీద డివైడర్ మధ్య ఖాళీలో యూటర్న్ తీసుకునే ట్రైలర్ ఒక్కసారికి తిరగలేదు. రెండు వరసలనూ మూసేస్తుంది. ముందు భాగం పోయింది కదా, వెనక నుంచి పోదామని అంచనా వేయకండి. ఇంకా తోక రావాల్సి ఉంది. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉండే ఖాళీ కూడా దారి కాదు. అక్కడ లాగుడు కడ్డీ ఉంటుంది, చీకట్లో అది కనిపించదు.

వెనక్కి వస్తున్న ట్రాలీ దగ్గర ఇంకో తికమక: ట్రాక్టరు స్టీరింగు ఒక వైపు తిప్పితే ట్రాలీ తోక రెండో వైపు పోతుంది. మండీల దగ్గర, దామలచెరువు లాంటి చోట, దాని వెనక నడవడం కూడా మంచిది కాదు.

6. రాత్రి

గంటకు 80 వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతారు. ప్రమాదం గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒకటిన్నర సెకను. ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో 38 మీటర్లు. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతోనే, మొత్తం 70 మీటర్లు. డిప్ లైటులో లైట్లు లేని ట్రాలీ 50 మీటర్లకు కనిపించిందనుకుందాం. ఇక మీరే లెక్క వేసుకోండి. 60లో అయితే సుమారు 46 మీటర్లలో ఆగుతారు. ఎదుటి బండ్ల కోసం లైటు డిప్ చేసి నడపాల్సిన రోడ్డు మీద 60 దాటకూడదని చెప్పడానికి కారణం ఇదే.

చీకట్లో ట్రైలర్‌ను పట్టించే గుర్తులు:

- దూరంగా ఒకే హెడ్‌లైటు. బైకు అనుకోకండి, ఒక లైటు పోయిన ట్రాక్టరు కావచ్చు. ఆ లైటుకు ఇటు, మీ వైపు కూడా బండి ఉండవచ్చని ఎడమకు జరగండి.
- ఎదుటి నుంచి వచ్చే లైట్లు ఉన్నట్టుండి మాయమైతే మధ్యలో ఏదో అడ్డంగా ఉంది. తిరుగుతున్న ట్రైలర్ పక్క భాగం అలాగే ‘కనిపిస్తుంది’. వెంటనే వేగం తగ్గించండి.
- రోడ్డు మీద పచ్చి కొమ్మ పడి ఉంటే దాని ముందు ఆగిపోయిన బండి ఉంది. లారీ వాళ్ల త్రికోణం అదే.
- రోడ్డు మీద చెరకు ముక్కలు, గడ్డి, తడి మట్టి గడ్డలు కనిపిస్తే ముందు ట్రాలీ పోతోంది.

కొమ్మతో పాటు రాళ్లు కూడా పెడతారు. బండి బాగుచేసుకొని రాళ్లు అక్కడే వదిలి వెళ్లేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. బైకు వాళ్లు కొమ్మ కనిపించగానే రాయి కోసం కూడా వెతకండి.

డాబాల ముందు అంచున ఆపిన ట్రైలర్ల వల్ల ఎడమ చివరి వరస రాత్రిపూట నమ్మదగింది కాదు. మంచులో అయితే ముందు బండి ఎర్ర లైటును పట్టుకొని పోవడం చాలామందికి అలవాటు. ఆ లైటు ఆగి ఉన్న బండిది కూడా కావచ్చు.

7. ఘాట్లు, ఎత్తులు, వంతెనలు

మొగిలి ఘాట్‌లో చిత్తూరు వైపు దిగేటప్పుడు, భాకరాపేట ఘాట్ మలుపుల్లో ఒకటే సూత్రం: బరువు బండికి ముందు ఉండకండి, దాని వెనక అంటుకోకండి.

దిగుతున్న ట్రైలర్ ముందు వదిలిన ఖాళీ అతని బ్రేకుల కోసం. అందులోకి దూరితే అతని చివరి ఆధారాన్ని మీరు తీసేసినట్టే. రబ్బరు, ఇనుము కలిసి కాలుతున్న వాసన వస్తే బ్రేకులు వేడెక్కాయని అర్థం. వెడల్పున్న చోట పక్కకు ఆగి, దాన్ని పోనివ్వండి.

ఎక్కుతున్న ట్రాలీతో ఇంకో రకం ముప్పు. వెనక బరువు ఎక్కువైతే ట్రాక్టరు ముందు చక్రాలు నేల నుంచి లేస్తాయి. స్టీరింగు పనిచేయదు. గేరు పడకపోతే మొత్తం వెనక్కి జారుతుంది. ఫ్లైఓవర్ ఎత్తు మీద ట్రాక్టరు ఆగి ఉంటే కనీసం 20 మీటర్లు వదలండి, పక్కకు తప్పుకునే చోటు చూసుకొని నిలబడండి.

ఇరుకు ఘాట్‌లో ఎదురెదురైతే దిగే బండే ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలని నిబంధన. ట్రైలర్ అయితే మలుపులో కాదు, మలుపుకు ముందే ఆగండి. అతనికి రోడ్డు మొత్తం కావాలి.

8. బైకు, స్కూటరు వాళ్లకు ప్రత్యేకంగా

కంటైనర్ పక్కకు వెళ్లినప్పుడు బైకు ఊగడానికి కారణం గాలి. పెద్ద పెట్టె ముందు గాలిని పక్కకు తోస్తుంది, దాటాక ఖాళీ అయిన చోటికి గాలి తిరిగి లోపలికి వస్తుంది. మొదట బయటికి తోసినట్టు, తర్వాత చక్రాల వైపు లాగినట్టు ఉంటుంది.

చేయవలసింది: ఒకటిన్నర, రెండు మీటర్ల ఎడం. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకుండా మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి. కంటైనర్ మిమ్మల్ని దాటుతుంటే యాక్సిలరేటర్ కొద్దిగా వదిలి, త్వరగా పోనివ్వండి. పక్కన ఉండగా బ్రేకు గట్టిగా నొక్కవద్దు.

ట్రాలీ గొలుసు పట్టుకొని సైకిలు, బైకు లాగించుకునే పిల్లలను చూస్తుంటాం. మీ ఇంట్లో వాళ్లయితే గట్టిగానే చెప్పండి.

9. తరచూ కనిపించే పొరపాట్లు, వెంటనే సరిచేసుకోవడం

దాటడం మొదలుపెట్టాక ఎదుటి బండి కనిపించింది: సగం కూడా రాకపోతే బ్రేకు వేసి వెనక్కే తగ్గండి, మీ చోటు ఇంకా ఖాళీగానే ఉంటుంది. అందుకే ఎడం ఉండగా బయటికి తీయమన్నది.

ముందు కారు దాటింది కదా అని వెనకే దూరడం: అతను చూసిన ఖాళీ అతనికి సరిపోయేది, మీకు కాదు. ప్రతి బండి తన లెక్క తాను వేసుకోవాలి.

రెండు మూడు ట్రాక్టర్లు వరుసగా ఉంటే ఒకేసారి దాటడం: మధ్యలో దూరే చోటు ఉంటే ఒక్కొక్కటిగా దాటండి, లేకపోతే ఆగండి. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ఆగి ఉన్న బారు పక్కన 30కి మించవద్దు, రెండు ట్రాలీల మధ్య నుంచి మనుషులు దిగి వస్తుంటారు.

ట్రాలీ తోక పాములా ఊగుతోంది: బరువు సరిగ్గా సర్దలేదు, లేదా ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే కొంకి వదులైంది. దాటకండి. వంద మీటర్లు వెనక్కి తగ్గి, లైటు డిప్ చేసి, వీలైనప్పుడు డ్రైవరుకు తెలిసేలా చెయ్యండి.

10. ప్రమాదం జరిగితే

మీ బండిని ప్రమాదం జరిగిన చోటు దాటించి, దూరంగా, రోడ్డు పక్కన ఆపండి. త్రికోణాన్ని బండికి దగ్గరగా కాదు, కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. అంబులెన్సుకు 108, పోలీసులతో సహా అన్ని అత్యవసరాలకు 112, జాతీయ రహదారి అయితే 1033. కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె చెప్పండి, అదే సాయాన్ని అన్నిటికంటే త్వరగా తీసుకొస్తుంది.

బోల్తా పడిన ట్రాలీని జనం కలిసి ఎత్తబోయే ముందు ట్రాక్టరు ఇంజన్ ఆపించి, చక్రాల కింద రాళ్లు పెట్టించండి. సగం ఎత్తి వదిలితే కింద ఉన్నవాళ్లకు రెండో దెబ్బ. గాయపడినవాళ్లకు మంచి మనసుతో సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో 134ఏ సెక్షన్ చేర్చారు. భయపడి ఆగకుండా పోవాల్సిన పని లేదు.

11. ట్రాలీ మీదే అయితే

ఇది చదివేవారిలో రైతులూ ఉన్నారు కాబట్టి ఈ నాలుగూ:

- వెనక రెండు వైపులా ఎర్ర రేడియం, పక్కల పొడవునా పసుపు రేడియం. సరుకు ఎక్కించాక పది అడుగులు వెనక్కి వెళ్లి, అవి కనిపిస్తున్నాయో లేదో చూడండి. చెరకు కప్పేస్తే కొసలకు ఎర్ర గుడ్డ, రాత్రికి ఎర్ర దీపం.
- కొంకి పిన్ను ఊడిపోకుండా లాక్ పిన్ను, దానికి తోడు ఒక గొలుసు.
- బరువు ట్రాలీ వెనక కొసకు కాకుండా ఇరుసు మీదికి, కొంచెం ముందుకు వచ్చేలా సర్దండి.
- కుడికి తిరగడానికి వంద అడుగుల ముందే చెయ్యి చాచండి. ట్రాలీ మీద మనిషి ఉంటే వెనక చూసి చెప్పే పని అతనికి అప్పగించండి.